100 గజాల దగ్గర ముప్పావు అంగుళం గుంపు, 600 గజాల దగ్గర కుడికి 8 అంగుళాలు: స్కోపు మార్చాలా?

కొల్లేరుకొంగ
ఆరు నెలలుగా ఒకే చిక్కు వెంటపడుతోంది. రైఫిల్ .308 విన్‌చెస్టర్, బోల్ట్ యాక్షన్, 26 అంగుళాల బ్యారెల్. తూటా 175 గ్రెయిన్ల మ్యాచ్ రకం, వేగం సెకనుకు 2,650 అడుగులు, నేనే కొలిచాను. స్కోపు 6-24x50 (6 నుంచి 24 రెట్ల జూమ్, 50 మిల్లీమీటర్ల ముందు అద్దం), 30 మిల్లీమీటర్ల గొట్టం, పావు ఎమ్‌ఓఏ క్లిక్కులు (ఎమ్‌ఓఏ అంటే డిగ్రీలో అరవయ్యోవంతు కోణం). 100 గజాల దగ్గర అయిదు తూటాలు ముప్పావు అంగుళంలో పడుతున్నాయి. 600 గజాలకు వెళ్లి 62 క్లిక్కులు పైకి తిప్పితే ఎత్తు సరిగ్గా వస్తోంది, గుంపు కూడా బాగుంది. కానీ గుంపు మొత్తం కుడికి 8 అంగుళాలు జరిగి పడుతోంది. నాలుగు శనివారాలు ఇదే కథ. గాలి అంటారేమోనని తెల్లవారుజామున, జెండాలు కర్రకు అతుక్కుని ఉన్నప్పుడే కాల్చాను.

కొన్న దుకాణంలో చూపిస్తే, 550 డాలర్ల స్కోపు 600 గజాలకు ఇంతే చేస్తుందని, 1,800 డాలర్లది తీసుకోమని చెప్పారు. అంత పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. నవంబరులో మొదటి మిడ్ రేంజ్ పోటీకి పేరు ఇచ్చాను, ఎఫ్-క్లాస్‌లో ఎఫ్-టీఆర్ విభాగం (రైఫిల్‌ను బైపాడ్ అనే రెండు కాళ్ల స్టాండు మీద పెట్టి, స్కోపుతో, పడుకొని కాల్చేది). ఈ స్కోపు నిజంగా పనికిరానిదా? మార్చాలంటే ఏది చూడాలి?

గాలిగోపురం
జెండా కదలనంత మాత్రాన గాలి లేదని కాదు. మీరు వాడే తూటాను గంటకు 10 మైళ్ల అడ్డగాలి 600 గజాలు చేరేసరికి దాదాపు 30 అంగుళాలు తోస్తుంది. 8 అంగుళాలకు గంటకు 3 మైళ్లు కూడా అక్కరలేదు. తెల్లవారుజామున మంచుకు తడిసిన జెండా ఆ గాలికి లేవదు. ముందు గాలి చదవడం నేర్చుకోండి, స్కోపు సంగతి తరువాత.

కొల్లేరుకొంగ
గాలిగోపురం గారూ, గాలి అయితే ఒక వారం కుడికి, ఒక వారం ఎడమకు పోవాలి కదా. నాలుగు వారాలూ కుడికే, 7 నుంచి 9 అంగుళాల మధ్యే పడింది. పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

గాలిగోపురం
చాలా మైదానాల్లో ఉదయపు గాలి ఏడాదంతా ఒకే దిక్కు నుంచి వస్తుంది. నా మాట వెనక్కి తీసుకోవడం లేదు. కానీ నాలుగు వారాలూ అంత దగ్గర దగ్గరగా పడడం ఆలోచించదగ్గదే.

పాతతూటా
కొల్లేరుకొంగ, కొత్త స్కోపు కొనకు. కనీసం ఈ వారం కొనకు. నువ్వు చెప్పినదాంట్లో అసలు ఆధారం ఒకటి ఉంది: 100 దగ్గర పక్కకు పోవడం లేదు, క్లిక్కులు ఎక్కించాకే పోతోంది. అంటే నీ రెటికిల్ (స్కోపులో కనబడే గురి గీతలు) నిలువు గీత నిటారుగా లేదు, కుడికి ఒరిగి ఉంది. అదే నా మొదటి అనుమానం.

లెక్క చూడు. 600 దగ్గర 1 ఎమ్‌ఓఏ అంటే 6.28 అంగుళాలు. నువ్వు 15.5 ఎమ్‌ఓఏ ఎక్కిస్తున్నావు, అంటే తూటాను 97 అంగుళాలు పైకి లేపుతున్నావు. భూమి దాన్ని నిట్టనిలువుగా కిందికి లాగుతుంది. కానీ నువ్వు లేపేది స్కోపు ఏ గీత వెంట లేపితే ఆ గీత వెంటే. ఆ గీత 3 డిగ్రీలు కుడికి వాలి ఉంటే, 97 అంగుళాల ప్రయాణంలో పక్కకు 5 అంగుళాలు పోతుంది. 5 డిగ్రీలు అయితే 8 దాటుతుంది. మూడు డిగ్రీలు కంటికి ఆనవు. స్కోపులోంచి చూసేటప్పుడు మెడ తనంతట తానే వంగి ఆ ఒరుగును సరిచేసేస్తుంది, అందుకే తెలియదు.

ఈ పరీక్షకు 600 గజాల మైదానం అక్కరలేదు, 100 చాలు. నాలుగు అడుగుల ఎత్తు కాగితం నిలబెట్టు. దారానికి గుండు కట్టి వేలాడదీసి, ఆ దారం వెంట నిలువు గీత గీయి. అడుగున చుక్క పెట్టి, ఆ చుక్కకే గురిపెట్టి అయిదు కాల్చు. తరువాత 20 ఎమ్‌ఓఏ పైకి తిప్పి, మళ్లీ అదే చుక్కకు గురిపెట్టి అయిదు కాల్చు. రెండో గుంపు 20.9 అంగుళాల ఎత్తున, గీత మీదే పడాలి. ఎత్తు తేడా వస్తే స్కోపు క్లిక్కుల్లో అబద్ధం ఉంది. పక్కకు పోతే ఒరుగు ఉంది. ఈ రెండూ తెలిశాకే డబ్బు సంగతి ఆలోచించాలి.

మిల్లుమనిషి
పరీక్ష మంచిదే, కానీ నన్ను అడిగితే ఈ స్కోపును ఎలాగైనా వదిలించుకోవాలి. రెండో తలంలో రెటికిల్ (జూమ్ మారితే గీతల కొలత మారేది), పావు ఎమ్‌ఓఏ క్లిక్కులు ఇప్పటి పద్ధతి కాదు. మొదటి తలంలో రెటికిల్ ఉన్న మిల్ స్కోపు (మిల్ అంటే దూరంలో వెయ్యోవంతు) తీసుకోండి. జూమ్ ఎంత పెట్టినా గీతల కొలత మారదు, గాలికి గీత పట్టుకుని కాల్చవచ్చు. నేను డాలస్ దగ్గర ప్రెసిషన్ రైఫిల్ పోటీలకు వెళ్తాను, పక్కన నిలబడే పదిమందిలో తొమ్మిదిమంది దగ్గర మిల్ స్కోపులే.

పాతతూటా
మీ ఆటకు అది సరైనదే. మీకు ఒక్క పోటీలోనే పది దూరాలు, కొన్ని క్షణాల్లో మార్చుకోవాలి. ఈ తమ్ముడి ఆట వేరు. దూరం తెలుసు, పడుకొని కాలుస్తాడు, ఇరవై తూటాలకూ ఒకే కాగితం. 600 గజాల ఎఫ్-క్లాస్ లక్ష్యంలో పది పాయింట్ల గీత వెడల్పు 6 అంగుళాలు, లోపలి ఎక్స్ గీత 3 అంగుళాలు. 0.1 మిల్ క్లిక్కు 600 దగ్గర 2.16 అంగుళాలు కదిపితే, పావు ఎమ్‌ఓఏ 1.57, ఎనిమిదో వంతు ఎమ్‌ఓఏ ముప్పావు అంగుళం పైచిలుకు కదుపుతాయి. 3 అంగుళాల గుండ్రం మధ్యకు చేర్చడానికి చిన్న అడుగే మేలు. రెండో తలంలో రెటికిల్ ఉంటే జూమ్ పెంచినా గీత లావెక్కదు, ఎక్స్ కనబడుతూ ఉంటుంది. ఎఫ్-క్లాస్ వరుసలో అలాంటి స్కోపులు ఎక్కువగా కనబడేది అందుకే.

మిల్లుమనిషి
ఒప్పుకుంటాను, ఆట వేరు. కానీ రేపు ఇతను ఇనుప పళ్లేల మీద కాల్చాలనుకుంటే రెండో స్కోపు కొనాల్సిందే.

నల్లరేగడి
అర్థం కాక అడుగుతున్నాను. 8 అంగుళాలు కుడికి పోతే ఎడమకు అయిదు క్లిక్కులు తిప్పితే సరిపోదా? దీనికి ఇంత శాస్త్రం ఎందుకు?

గచ్చిబౌలి_గురి
నల్లరేగడి గారి మాటలో సత్యం ఉంది. నేను హైదరాబాదులో 50 మీటర్ల .22 పడుకొని కాల్చే విభాగంలో ఎనిమిదేళ్లుగా ఉన్నాను. మాకు అంతర్జాతీయ నియమాల ప్రకారం స్కోపే ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూసే సైట్లు మాత్రమే. పది గీత వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. మాలో చాలామంది మెడకు సుఖంగా ఉండడానికి రైఫిల్‌ను కావాలనే లోపలికి వంచి పడతారు. ఏమీ కాదు, ఎందుకంటే దూరం మారదు, వంపు కూడా ప్రతి తూటాకూ ఒక్కటే. ఆ వంపుతోనే సైట్లు సరిచేసుకుంటాం. వంపు ఒక తూటాకు రెండు డిగ్రీలు, మరో తూటాకు నాలుగు డిగ్రీలు అయినప్పుడే పది పోతుంది.

పాతతూటా
గచ్చిబౌలి_గురి చెప్పినది అక్షరాలా నిజం, ఒక్క దూరానికి. మిడ్ రేంజ్ పోటీలు 300, 500, 600 గజాల్లో ఉంటాయి. 300 దగ్గర ఇతనికి కావలసిన ఎత్తు 5 ఎమ్‌ఓఏ లోపే, అక్కడ అదే ఒరుగు అంగుళం అటూ ఇటూ మాత్రమే జరుపుతుంది. 600 కోసం ఎడమకు తిప్పిన అయిదు క్లిక్కులు 300 దగ్గర తప్పు అవుతాయి. ప్రతి దూరానికీ ఒక అబద్ధపు సంఖ్య గుర్తుపెట్టుకోవాలి, దాని మీద మళ్లీ గాలి లెక్క. పోటీ ఒత్తిడిలో అది మోయలేని బరువు.

తాపీమేస్త్రి_కొడుకు
తూకం గుండు మాట వచ్చింది కాబట్టి ఆగలేక రాస్తున్నాను. మా నాన్న గుంటూరు జిల్లాలో నలభై ఏళ్లు తాపీ పని చేశాడు. రసమట్టం అబద్ధం చెప్పవచ్చు, దారానికి వేలాడే గుండు చెప్పదు అనేవాడు. నేను అట్లాంటాలో ఉంటాను, స్కోపు బిగించిన ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది.

చేసే పద్ధతి ఇది. రైఫిల్‌ను బల్ల మీద కదలకుండా నిలబెట్టండి. పాతిక గజాల దూరంలో, గాలి తగలని చోట, ముదురు రంగు తాడుకు బరువు కట్టి వేలాడదీయండి. బరువు ఏదైనా ఫర్వాలేదు, నేను మొదటిసారి వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చి కట్టాను. ఊగడం ఆగేదాకా ఉండండి. స్కోపులోంచి చూస్తూ నిలువు గీత ఆ తాడు మీద పై నుంచి కింది దాకా కలిసేలా గొట్టాన్ని తిప్పండి. ఆ తరువాతే రింగుల మరలు.

అసలు మోసం మరల దగ్గరే జరుగుతుంది. ఒక వైపు మరలు ముందు బిగిస్తే రింగు మూత గొట్టాన్ని ఆ వైపుకు తనతో పాటు తిప్పేస్తుంది. కొల్లేరుకొంగ గారి స్కోపు అలాగే ఒరిగి ఉంటుందని నా నమ్మకం. నాలుగు మరలనూ వేళ్లతో ఆనించి, రెండు వైపులా మూత సందు సమానంగా ఉందో లేదో చూసి, ఎదురెదురు మూలల నుంచి పావు చుట్టు చొప్పున బిగించాలి. ప్రతి విడతకూ ఒకసారి తాడును చూడాలి. బిగువు కొలిచే స్క్రూడ్రైవర్ తప్పనిసరి. మూత మరలకు నేను 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు దాటను. రింగులు చేసిన కంపెనీ వేరే సంఖ్య ఇస్తే దాన్నే పాటించండి.

కొల్లేరుకొంగ
నేను కుడి వైపు మరలు ముందు పూర్తిగా బిగించి, తరువాత ఎడమ వైపు బిగించాను. మామూలు అలెన్ తాళంతో, చేతి అంచనాతోనే. రసమట్టాన్ని టరెట్ (క్లిక్కులు తిప్పే గుండ్రం) మూత మీద పెట్టి చూశాను. శనివారం పాతతూటా గారి పరీక్ష చేస్తాను.

మంచుదుప్పి
తాపీమేస్త్రి_కొడుకు చెప్పినదాంట్లో ఒకటి మిగిలిపోయింది. ముందు రైఫిల్ మట్టంగా ఉండాలి కదా? యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగం) సమతలంగా ఉందో లేదో చూడకుండా గీతను తాడుకు కలిపితే, రైఫిల్ ఒరిగి, స్కోపు మాత్రమే నిటారుగా ఉంటుంది. నేను మిన్నెసోటాలో ఇరవై ఏళ్లుగా దుప్పి వేటకు వెళ్తున్నాను. ఎప్పుడూ రెండూ ఒకదానితో ఒకటి మట్టం చేసే బిగిస్తాను.

తాపీమేస్త్రి_కొడుకు
రెండూ కలిస్తే ఇంకా మంచిది, కాదనను. కానీ రెండిట్లో ఒక్కదాన్నే ఎంచుకోవాల్సి వస్తే నేను తాడును ఎంచుకుంటాను.

మంచుదుప్పి
కారణం చెప్పండి. స్కోపు బ్యారెల్‌కు నేరుగా పైన లేకపోతే తూటా ఏటవాలుగా పోదా?

పాతతూటా
పోతుంది, ఎంత అన్నదే ప్రశ్న. స్కోపు మధ్యభాగం బ్యారెల్ మధ్యకు 2 అంగుళాల ఎత్తున ఉందనుకోండి. గీత నిటారుగా ఉండి రైఫిల్ మాత్రం 3 డిగ్రీలు ఒరిగితే, బ్యారెల్ స్కోపు కింద నుంచి పక్కకు జరిగేది అంగుళంలో పదోవంతు. 100 దగ్గర సున్నా చేస్తే (గురిపెట్టిన చోటే తూటా పడేలా సరిచేస్తే), 600 చేరేసరికి ఆ తేడా అర అంగుళం. అదే 3 డిగ్రీలు గీత ఒరిగితే 5 అంగుళాలు. పదిరెట్లు. బ్యారెల్ గుండ్రనిది, దానికి పైనా కిందా లేదు. భూమి ఆకర్షణకు తెలిసింది నిలువు ఒక్కటే, కాబట్టి గీత దాని మాట వినాలి.

మంచుదుప్పి
ఈ లెక్క ఇంతకుముందు ఎవరూ ఇలా చెప్పలేదు. 200 గజాలు దాటి కాల్చను కాబట్టి నాకు తేడా తెలియలేదు. ఈ చలికాలం తాడు కట్టి చూస్తాను.

వీసా_వరుసలో
చిన్న ప్రశ్న. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. స్నేహితులతో మైదానానికి వెళ్లి చూశాను, చాలా నచ్చింది. ముందు స్కోపు కొనుక్కుని, రైఫిల్ తరువాత కొనవచ్చా?

పాతతూటా
స్కోపు సంగతి పక్కన పెట్టండి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకునే ముందే ఈ విషయాలు తెలిసిన న్యాయవాదితో మాట్లాడండి. ఇందులో పొరపాటు మీ గ్రీన్‌కార్డుకే ఎసరు పెడుతుంది. ఇక్కడ ఎవరో పరవాలేదన్నారని ముందుకు పోకండి, నేను చెప్పినా సరే.

నల్లరేగడి
ఇదే అదను అని నేనూ అడుగుతాను. మా చిన్నాన్నకు ఇక్కడ లైసెన్సు ఉన్న .315 రైఫిల్ ఉంది, ఇషాపూర్ ఫ్యాక్టరీది. మా అన్న టెక్సాస్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు. ఒక స్కోపు సామానులో పెట్టుకురమ్మంటే?

గచ్చిబౌలి_గురి
వద్దు. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్న వస్తువులు, వాచీలా సంచిలో వేసుకుని రావడానికి కుదరదు. ఇక్కడ కస్టమ్స్ వారూ ఆపుతారు. పైగా ఆ .315ను ఎక్కడ, దేని మీద కాల్చాలి? మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట సాధారణంగా నిషేధం. చిన్నాన్న గారికి గురి మీద ఇష్టం ఉంటే రైఫిల్ క్లబ్బులో చేరి .22తోనో ఎయిర్ రైఫిల్‌తోనో మొదలుపెట్టమనండి. 2012 లండన్‌లో గగన్ నారంగ్ గారు కంచు పతకం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.

నల్లరేగడి
అర్థమైంది. అన్నకు ఇప్పుడే వద్దని చెప్తాను.

కొల్లేరుకొంగ
పరీక్ష చేశాను. ఫలితం చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

100 గజాలు, గాలి దాదాపు లేదు. మొదటి గుంపు చుక్క మీదే. 20 ఎమ్‌ఓఏ తిప్పాక రెండో గుంపు ఎత్తు 20.9 అంగుళాలు, ఎన్నిసార్లు కొలిచినా అంతే. గీతకు కుడివైపున 1.1 అంగుళాలు. తిరిగి 80 క్లిక్కులు కిందికి దించి కాల్చితే మళ్లీ చుక్క మీదికే వచ్చింది. అంటే క్లిక్కులు నిజాయితీగా ఉన్నాయి, ఒరుగు మాత్రం ఉంది. 20.9కి 1.1 అంటే సరిగ్గా 3 డిగ్రీలు. పాతతూటా గారూ, మీరు ఉదాహరణకు చెప్పిన అంకే నా అంక.

పాతతూటా
550 డాలర్ల స్కోపు ఎత్తు సరిగ్గా ఎక్కి, సరిగ్గా దిగి, సున్నాకు తిరిగి వచ్చింది. ఇంతకు మించి స్కోపును అడగవలసింది లేదు. అద్దం స్పష్టత తరువాతి విషయం. నా దగ్గర 2,000 డాలర్లు దాటిన స్కోపు ఒకటి ఉండేది, 30 ఎమ్‌ఓఏ తిప్పితే 29 మాత్రమే కదిలేది. కొలవకుండా రెండేళ్లు నా తూటాలను తిట్టుకున్నాను. ధరను నమ్మకు, కాగితాన్ని నమ్ము.

ఇప్పుడు రింగులు విప్పు, ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి మొదటి నుంచి చేద్దాం. రైఫిల్ మీద రింగులు కూర్చునే పట్టా గాడిలో రింగును మూతి వైపుకు, అంటే ముందుకు తోసి పట్టుకుని బిగించు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు బరువున్న స్కోపు ముందుకు జరగాలని చూస్తుంది, ఆ ఖాళీ ముందే మూసెయ్యాలి. తరువాత కంటి దూరం. బల్ల దగ్గర కూర్చుని చూడకు. పోటీలో పడుకొనే కాలుస్తావు, పడుకుంటే తల ముందుకు జరుగుతుంది. చాప పరుచుకుని, రైఫిల్‌ను బైపాడ్ మీద పెట్టి, జూమ్ 24కు పెట్టి, కళ్లు మూసుకుని చెంప ఆనించు. కళ్లు తెరవగానే అంచుల్లో నల్లటి నీడ లేకుండా పూర్తి వలయం కనబడాలి. కనబడకపోతే స్కోపును జరుపు, మెడను కాదు.

తాపీమేస్త్రి_కొడుకు
గీత తాడుకు కలిసి, మరలు బిగిశాక ఇంకో పని. గొట్టానికి తగిలించే చిన్న రసమట్టం ఒకటి కొనండి, ముప్పై నలభై డాలర్లలో వస్తుంది. గీత తాడు మీద ఉన్నప్పుడే దాని బుడగ మధ్యలో ఉండేలా బిగించండి. లేకపోతే స్కోపును సరిగ్గా బిగించి కూడా, మైదానం ఏటవాలుగా ఉన్న రోజు మీరే రైఫిల్‌ను ఒరగబెడతారు. నేను తల్లడేగా మార్క్స్‌మన్‌షిప్ పార్కులో 600 గజాల వరుసలో కాలుస్తాను. అక్కడ లక్ష్యాలు ఎలక్ట్రానిక్‌వి, తూటా పడిన చోటు పక్కనున్న తెర మీద వెంటనే కనబడుతుంది. బుడగ చూడడం మరిచిన తూటా ఏదో ఆ తెర చూస్తే తెలిసిపోతుంది.

ఎండమావి_డిగ్రీలు
ఫీనిక్స్ నుంచి. ఇన్ని పోస్టుల్లో పారలాక్స్ (తల కదిలితే గీత లక్ష్యం మీద జరిగినట్టు కనబడడం) మాట ఎవరూ ఎత్తలేదు, నాకు బాధగా ఉంది. కొత్తవాళ్లు పోగొట్టుకునే పాయింట్లలో పెద్ద వాటా దానిదే.

ముందు కంటి దగ్గరి డయాప్టర్ ఉంగరం. అది లక్ష్యం స్పష్టంగా కనబడడానికి కాదు, గీత స్పష్టంగా కనబడడానికి. స్కోపును తెల్లటి గోడకో ఆకాశానికో చూపించి (సూర్యుడి వైపు ఎప్పుడూ వద్దు), క్షణం చూసి కన్ను తిప్పెయ్యాలి. చూసిన ఆ మొదటి క్షణంలోనే గీత నల్లగా, పదునుగా ఉండాలి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుని మోసం చేస్తుంది. ఒకసారి కుదిరాక ఆ ఉంగరాన్ని ముట్టుకోకూడదు.

తరువాత పక్కనుండే పారలాక్స్ గుండ్రం. దాని మీద 600 అని అచ్చు వేసి ఉన్నంత మాత్రాన అది 600 కాదు. రైఫిల్‌ను సంచుల మీద పెట్టి, చెయ్యి తగలకుండా, తలను కొద్దిగా పైకీ కిందికీ ఆడించండి. గీత లక్ష్యం మీద ఈదుతున్నట్టు కదిలితే సరిగ్గా లేదు. కదలిక ఆగేదాకా గుండ్రం తిప్పండి. బొమ్మ స్పష్టంగా ఉన్న చోటు, కదలిక ఆగిన చోటు ఒక్కటి కాకపోతే డయాప్టర్ తప్పుగా ఉన్నట్టు. మొదటికి రండి.

కొల్లేరుకొంగ
నేను ఇన్నాళ్లూ డయాప్టర్ తిప్పి లక్ష్యాన్ని స్పష్టం చేసుకుంటున్నాను. ఈ పేరా అచ్చు తీసి రైఫిల్ పెట్టెలో పెట్టుకుంటాను. ఇంకొకటి. హ్యూస్టన్ ఎండలో పది గంటలు దాటితే 24 జూమ్‌లో లక్ష్యం నీళ్లలో ఉన్నట్టు అలలు కొడుతోంది. ఖరీదైన అద్దం అయితే ఇది తగ్గుతుందా?

ఎండమావి_డిగ్రీలు
నా పేరే అది కాబట్టి నేనే చెప్పాలి. ఎండమావి గాలిలో ఉంది, అద్దంలో లేదు. వేడెక్కిన నేల నుంచి లేచే గాలి పొరలు వెలుతురును వంచుతాయి. మంచి అద్దం రంగుల అంచులను శుభ్రం చేస్తుంది, పొరలను ఆపలేదు. జూమ్ పెంచితే లక్ష్యంతో పాటు అలలూ పెద్దవవుతాయి. 24 నుంచి 16కు దించి చూడండి, పది గీత మళ్లీ దొరుకుతుంది. బెన్ ఏవరీ మైదానంలో మధ్యాహ్నం నేను 18 దాటను. ఇంకో మాట: బ్యారెల్ వేడెక్కితే దాని మీది నుంచి లేచే వేడి కూడా స్కోపు ముందుకే వస్తుంది. బ్యారెల్ మీద గుడ్డ పట్టీ పరవండి.

మిల్లుమనిషి
జూమ్ మీద నాదీ అదే మాట. నేను 600 గజాల దగ్గర ఎప్పుడూ 14 పైన పెట్టను.

పాతతూటా
ఇక్కడ నేను కొంచెం విడిపోతాను. ప్రశాంతమైన ఉదయం 35, 40 జూమ్ ఉంటే ఎక్స్ గీతలోనే ఏ మూలకు గురి పెట్టాలో కనబడుతుంది. అది నిజమైన లాభం. ఎఫ్-క్లాస్ కోసమే చేసిన వోర్టెక్స్ గోల్డెన్ ఈగిల్ 15-60, నైట్‌ఫోర్స్ కాంపిటిషన్ 15-55 ఉన్నది అందుకే. కానీ కనీస జూమ్ 15 అంటే ఎండమావి మరిగే రోజున దిగడానికి చోటు తక్కువ.

గాలిగోపురం
ఎండమావిని శత్రువులా చూడకండి. జెండా కంటే ముందు గాలి మాట చెప్పేది అదే. నిలువుగా మరిగితే గాలి లేదు, లేదా మీ వైపుకో మీ నుంచి దూరంగానో వీస్తోంది. ఒక వైపుకు పారితే ఆ వైపుకు గాలి. పారుతున్నది ఆగి, మరిగి, తిరగబడేలోపు కాల్చకూడదు.

కొల్లేరుకొంగ
రెండు సంగతులు అడిగి ఆగుతాను. ఒకటి, 20 ఎమ్‌ఓఏ వాలు పట్టా కావాలా? రెండు, భవిష్యత్తులో నిజంగా స్కోపు మార్చే రోజు వస్తే దేన్ని చూసి కొనాలి?

పాతతూటా
పట్టా సంగతి. నీకు 600 వరకు కావలసింది 15.5. నీ స్కోపు పైకి 20 ఎక్కిందని పరీక్షలోనే తేలింది, కాబట్టి తప్పనిసరి కాదు. కానీ గొట్టం గుండ్రనిది. ఎత్తు చివరికి చేరేకొద్దీ పక్కకు తిరిగే చోటు తగ్గిపోతుంది, బొమ్మ నాణ్యత కూడా అంచులో తగ్గుతుంది. వాలు పట్టా వేస్తే 600 దగ్గర స్కోపు తన మధ్యభాగానికి దగ్గరగా పని చేస్తుంది. 1,000 గజాలకు వెళ్తే .308కి 35 ఎమ్‌ఓఏ దాటి కావాలి, అప్పుడు తప్పదు. లావుగా ఉన్న కొస వెనక్కి, కంటి వైపుకు రావాలి. తిరగేసి బిగించి సున్నా దొరకక సాయంత్రం దాకా తల పట్టుకున్న మిత్రుడు ఒకరు నాకున్నారు.

కొనే రోజు వస్తే నేను చూసే వరుస ఇది. మొదట క్లిక్కుల నిజాయితీ, సున్నాకు తిరిగి రావడం. తరువాత పారలాక్స్ గుండ్రం మెత్తగా, నెమ్మదిగా కదలడం. తరువాత సన్నటి గీత, ఎనిమిదో వంతు క్లిక్కులు. తరువాతే అద్దం. బరువును మరిచిపోకు: ఎఫ్-టీఆర్‌లో రైఫిల్, స్కోపు, బైపాడ్ అన్నీ కలిపి 8.25 కిలోలు దాటకూడదు. లావు గొట్టం, పెద్ద అద్దం ఉన్న స్కోపు ఆ లెక్కలో పెద్ద భాగం తినేస్తుంది. కానీ ముందు రెండు సీజన్లు దీనితోనే కాల్చు. ఆ 1,250 డాలర్ల తేడాతో తూటాలు కొను.

మిల్లుమనిషి
చివరి వాక్యానికి నా ఓటు. స్కోపు రకం మీద వాదిస్తాను కానీ తూటాల మీద వాదించను.

కొల్లేరుకొంగ
శనివారం రాత్రి రాస్తున్నాను. తాడు కట్టి, ఎదురెదురు మరలు 16 అంగుళం-పౌండ్లకు బిగించాను. పడుకొని కంటి దూరం చూస్తే స్కోపు అర అంగుళం పైగా ముందుకు జరపవలసి వచ్చింది. రసమట్టం పెట్టాను. డయాప్టర్ సరిచేశాను. 100 దగ్గర మళ్లీ సున్నా చేసి 20 ఎమ్‌ఓఏ పరీక్ష చేశాను. గుంపు గీత మీద కూర్చుంది.

ఈ ఉదయం 600. ఇరవై తూటాలు. గుంపు 8 అంగుళాల నుంచి లోపలికి వచ్చింది, కానీ పూర్తిగా కాదు. ఇంకా కుడికి 3 అంగుళాలు ఉంది. ఎండమావి నిలువుగానే మరుగుతోంది, గాలిగోపురం గారి మాట గుర్తుపెట్టుకునే చూశాను. మరి ఆ 3 ఎక్కడివి?

పాతతూటా
అవి నీ తప్పు కాదు, స్కోపు తప్పూ కాదు. నీ బ్యారెల్ గాడులు కుడికి తిరుగుతాయి. కుడికి తిరుగుతూ పోయే తూటా కొద్దికొద్దిగా కుడికే జరుగుతుంది. నీ తూటాకు 600 గజాల దగ్గర అది సుమారు 3 అంగుళాలు. నాలుగు వారాలుగా కనబడిన 8లో 5 ఒరుగువి, 3 భ్రమణానివి. 600కు వెళ్లినప్పుడు ఎడమకు రెండు క్లిక్కులు తిప్పు, 300 దగ్గర దాన్ని మరిచిపో, అక్కడ అది అర అంగుళం అటూ ఇటూనే.

గాలిగోపురం
నేను మొదట గాలి అన్నాను. అందులో గాలి ఏమీ లేదని ఒప్పుకుంటున్నాను. కొల్లేరుకొంగ గారూ, నాలుగు వారాల లెక్క రాసి పెట్టుకోకపోతే నేను మిమ్మల్ని నవంబరు దాకా జెండాల వెంట తిప్పేవాడిని.

తాపీమేస్త్రి_కొడుకు
మా నాన్నకు ఫోనులో ఈ సంగతి చెప్పాను. గుండు ఎంత దూరం నుంచి కట్టారు, గాలి తగలలేదు కదా అని అడిగాడు.

కొల్లేరుకొంగ
పాతిక గజాలు, గోదాము లోపల, తలుపులు మూసి. నాన్నగారికి చెప్పండి. నేను కట్టింది కూడా పప్పుగుత్తే.